అత్తగారి నరాల మాత్రలు: ఆపాలా, తగ్గించాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 67 ఏళ్ళు, బరువు 46 కిలోలు. పుట్టిల్లు కవిటి. చాలా ఏళ్ళుగా షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్ళ నుంచి అరికాళ్ళ మంటలు. రాత్రయితే కారం రాసినట్టు ఉందని నిద్రపోయేవారు కాదు. బరంపురం డాక్టరుగారు ప్రెగాబలిన్ 75 రాశారు. మొదట రాత్రి ఒకటి, తరవాత పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి చేశారు. మంటలు బాగానే తగ్గాయి. రెండు నెలల కిందట నడుం నొప్పంటే మా పెద్దాడపడుచు టెక్కలి తీసుకెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించింది. అక్కడ రాత్రిపూట వేసుకోమని ఒక నరాల మాత్ర, నొప్పి ఉన్నప్పుడు వేసుకోమని ఇంకో మాత్ర రాశారు. అప్పట్నుంచి ఆవిడ పగలు కూడా జోగుతున్నారు. మాట ముద్దగా వస్తోంది, పాదాలు వాచాయి. మొన్న తెల్లవారుజామున బాత్రూమ్ గుమ్మం దగ్గర తూలి పడ్డారు. దెబ్బేమీ తగల్లేదు. మావారు ‘ఇవన్నీ మత్తుమందులే, రేపట్నుంచి మొత్తం ఆపెయ్యి’ అంటున్నారు. ఆపితే మళ్ళీ మంటలొస్తాయని ఆవిడ భయం. మాత్రల స్ట్రిప్పుల ఫొటోలు, ఆర్నెల్ల కిందటి రక్తపరీక్ష కాగితం పంపుతున్నాను. ఇంకో మాట. మావయ్యగారు మోకాళ్ళ నొప్పులని ఆవిడ మాత్రే అప్పుడప్పుడు ఒకటి వేసుకుంటున్నారు. ఆయనకి సాయంత్రం కాస్త పుచ్చుకునే అలవాటుంది. ఫర్వాలేదా?
– ఒక కోడలు, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. మిగతాదంతా తరవాత.

ఇంట్లో షుగరు మిషను ఉంటే ఆవిడ మత్తుగా ఉన్నప్పుడే వేలికి గుచ్చి చూడండి. జోగడం, తూలడం, మాట ముద్దగా రావడం, ఇవన్నీ షుగరు పడిపోయినప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి. మింగలేనంత మత్తులో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, పొరబోతుంది. మూతి ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా మాత్రల మీదికి నెట్టేసి ఊరుకోకండి. అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

షుగరు బాగానే ఉంటే అప్పుడు అనుమానం మాత్రల మీదే. రాత్రి మాత్ర వేళ కాకముందే బరంపురం డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి. ‘నీరసంగా ఉన్నారండీ’ అని మొదలుపెడితే ఆయన బలం టానిక్కు రాస్తారు. ‘ప్రెగాబలిన్ రెండు స్ట్రిప్పుల్లో ఉందండీ, రోజుకి మొత్తం 225 పడుతోంది, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.4, మనిషి తూలి పడ్డారు’ అని సూటిగా చెప్పండి. ఆయన దొరక్కపోతే మీ ఊళ్ళోనే ఉన్న జిల్లా ఆసుపత్రికి మాత్రలన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి. మాత్ర వేళకి ఇంకా జోగుతూనే ఉంటే, డాక్టరుతో మాట్లాడేదాకా ఆ పూట మాత్ర వెయ్యకండి. ఆ నొప్పి మాత్ర కూడా ఈ రాత్రికి వద్దు.

గట్టిగా తట్టినా లేవకపోయినా, ఊపిరి మెల్లగా, మధ్యమధ్యలో ఆగినట్టు వస్తున్నా, పెదాలు నీలంగా మారినా ఇక ఫోన్లతో కాలయాపన చెయ్యకండి. 108కి కొట్టండి. ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా అదే నంబరు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. బరంపురం స్ట్రిప్పు మీద ఒక పేరు, టెక్కలి స్ట్రిప్పు మీద ఇంకో పేరు. కంపెనీలు వేరు, రంగులు వేరు. పేరు కింద చీమల బారులా ఉండే చిన్నక్షరాలు చదివితే, మొదటిదాంట్లో ప్రెగాబలిన్ 75 మి.గ్రా., మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు. రెండోదాంట్లో ప్రెగాబలిన్ 75, నార్‌ట్రిప్టిలిన్ 10, మళ్ళీ అదే మిథైల్‌కోబాలమిన్. అంటే పొద్దున్న 75, రాత్రి 75, దాని మీద ఇంకో 75. రాత్రి ఒక్క వేళకే 150 పడుతోంది. మిథైల్‌కోబాలమిన్ బి12 విటమిను, అది రెండింతలైనా పెద్ద నష్టం లేదు. మిగిలినవాటితోనే చిక్కు. మూడో స్ట్రిప్పు ట్రామడాల్, పారాసిటమాల్ కలిపినది.

ఇందులో ఏ డాక్టరునీ తప్పు పట్టలేను. బరంపురం చీటీ టెక్కలి వెళ్ళలేదు, అంతే. మన సరిహద్దు ఊళ్ళలో ఇది రోజూ జరిగేదే. షుగరుకి బరంపురం, ఎముకలకి టెక్కలి, కళ్ళకి శ్రీకాకుళం, జ్వరమొస్తే సందు చివర ఆర్‌ఎంపీ. కాంపౌండరు ఒడియాలో చెప్పిన వివరం ఇంటికొచ్చేసరికి ‘రాత్రి ఎర్రది, పొద్దున్న తెల్లది’ అని మిగులుతుంది. షాపులో కంపెనీ మారిస్తే ఆ రంగూ మారిపోతుంది. అందుకే జనఔషధి దుకాణం నాకు ఇష్టం. ధర తక్కువనే కాదు, ఆ స్ట్రిప్పు మీద మందు అసలు పేరే కనబడేలా ఉంటుంది. రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెడితే ఒకే మందు రెండుసార్లు పడుతోందని పదో క్లాసు పిల్లాడు కూడా పట్టేస్తాడు.

‘225 అంటే అంత ఎక్కువా? మా పక్కింటాయన 300 వేసుకుంటున్నాడు’ అని ఎవరైనా అంటారు. నిజమే, వేసుకోవచ్చు. కిడ్నీలు బాగున్న మనిషికి షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికి రోజుకి 300 దాకా ఇస్తారు. ఆ పైన వేస్తే మంట ఇంకా తగ్గుతుందని పరీక్షల్లో తేలలేదు, మత్తు, తూలు మాత్రం పెరుగుతాయి. కానీ మీ అత్తగారి లెక్క వేరు. ప్రెగాబలిన్‌ను లివరు దాదాపు ముట్టుకోదు. మింగిన మందులో నూటికి తొంభై పాళ్ళకు పైగా అలా ఉన్నది ఉన్నట్టే కిడ్నీల గుండా మూత్రంలో పోతుంది. కిడ్నీలు చురుగ్గా ఉంటే ఆరేడు గంటల్లో ఒంట్లో ఉన్న మందు సగానికి దిగుతుంది. మందగిస్తే నిన్నటి మందు పూర్తిగా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది.

మీరు పంపిన కాగితంలో క్రియాటినిన్ 1.4 ఉంది. పక్కన చిన్న బాణం గుర్తు కూడా ఉంది. ‘కొంచెమే ఎక్కువ’ అని ఎవరో చెప్పి ఉంటారు. క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు బయటికి పంపాలి. 46 కిలోల ముసలావిడకి కండెంత ఉంటుంది? కండ తక్కువైన మనిషికి కిడ్నీలు సగం మొరాయించినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకే మందుల మోతాదు కోసం వయసు, బరువు కలిపి లెక్క కడతారు. 140లోంచి వయసు తీసెయ్యండి, 73. దాన్ని బరువు 46తో గుణించండి, 3358. ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి, 2854. దాన్ని 72 రెట్లు క్రియాటినిన్‌తో, అంటే 100.8తో భాగిస్తే 28 చిల్లర వస్తుంది. ఇది నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని కిడ్నీలు శుభ్రం చేస్తున్నాయని చెప్పే అంచనా. 60 దాటి ఉంటే ప్రెగాబలిన్ మోతాదు తగ్గించక్కర్లేదు. 30 నుంచి 60 మధ్య అయితే సగం చెయ్యాలి. 15 నుంచి 30 మధ్య అయితే ఇంకా సగం. మామూలు మనిషికి 300 ఇచ్చే చోట ఈవిడకి 75 సరిపోతుంది, ఎంత కావాలన్నా రోజుకి 150 దాటకూడదు. ఆవిడకి పడుతున్నది 225. జోగక ఏం చేస్తారు పాపం.

ఒక్క చిన్న హెచ్చరిక. ల్యాబు వాళ్ళు కొత్త రిపోర్టులో కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఇస్తారు. అది 40 పైన చూపించొచ్చు, ఎందుకంటే ఆ లెక్కలో మనిషి బరువు ఉండదు. ఏది నమ్మాలో అని తల పట్టుకోకండి. రెండూ డాక్టరు ముందు పెట్టండి, బరువు కూడా చెప్పండి. బక్కపలచటి పెద్దవాళ్ళ విషయంలో ఆ బరువే కీలకం.

పైగా ఆ కాగితం ఆర్నెల్ల నాటిది. పుట్టిల్లు కవిటి అన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, ఆ ఉద్దానం ఊళ్ళలో షుగరూ బీపీ లేనివాళ్ళకే కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇంతవరకు తేలలేదు. ఈవిడకి షుగరు, బీపీ రెండూ తోడయ్యాయి. మీ అత్తగారికి ఆ జబ్బే ఉందని నేననడం లేదు. ఆ ఊరి ఆడపడుచుకి నరాల మాత్రే కాదు, ఏ నొప్పి మాత్ర రాసే ముందైనా క్రియాటినిన్ చూడాల్సిందే అంటున్నాను. ముఖ్యంగా నడుం నొప్పనగానే షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఆర్‌ఎంపీ పొడిచే నొప్పి ఇంజెక్షను, ఇవి కిడ్నీని ఇంకా దెబ్బ తీస్తాయి. కిడ్నీ దెబ్బతింటే ప్రెగాబలిన్ ఒంట్లో ఇంకా పేరుకుంటుంది. ఒకదానికొకటి తోడు. ఈ వారంలో క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) పరీక్షలు చేయించండి. తేడా ఉంటే పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి మీకు దూరమేం కాదు.

పాదాల వాపు సంగతి. ప్రెగాబలిన్ వల్ల పాదాలు వాచడం, బరువు పెరగడం మామూలుగా కనిపించేదే. అయితే మీరు పంపిన ఫొటోల్లో ఇంకో రెండు మాత్రలు నా కంట పడ్డాయి. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. అది ఒక్కటే చాలు కొందరికి చీలమండలు వాచడానికి. షుగరు మాత్ర చూస్తే మూడు మందులు కలిపినది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ తరవాత మూడో పేరు పయోగ్లిటజోన్. పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, ప్రెగాబలిన్‌తో కలిస్తే వాపు, బరువు ఇంకా పెరుగుతాయి, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆయాసం దాకా వెళ్తుంది. మెట్లెక్కితే ఎగశ్వాస వస్తోందా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా అని ఆవిడని అడగండి. అవునంటే అదే మొదట చెప్పాల్సిన మాట. ఆ మూడింటి మాత్రలో మిగతా రెండూ కూడా కిడ్నీని బట్టి మార్చాల్సినవే. మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు, గ్లిమిపిరైడ్ అయితే కిడ్నీ మందగించినవాళ్ళలో షుగరుని ఉన్నట్టుండి కింద పడేస్తుంది. మొదట్లో వేలికి గుచ్చి చూడమన్నది అందుకే. వాపు తగ్గడానికి నీళ్ళ మాత్ర తెచ్చి వెయ్యడం మాత్రం సొంతంగా చెయ్యకండి.

ఇంకో రకం వాపు ఉంది. పెదాలు, నాలుక, ముఖం, గొంతు ఉన్నట్టుండి ఉబ్బడం. ప్రెగాబలిన్‌తో ఇది అరుదు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. మీ ఫొటోల్లో అవి లేవు. కానీ ఇది చదివే మరొకరి ఇంట్లో ఉండొచ్చు కాబట్టి చెప్తున్నాను. అలా ఉబ్బితే గంటల్లో కాదు, నిమిషాల్లో ఆసుపత్రికి చేరాలి.

టెక్కలి మాత్రలో ఉన్న నార్‌ట్రిప్టిలిన్ మంచి మందే. నరాల నొప్పికి చాలాకాలంగా వాడుతున్నారు. కానీ పెద్దవాళ్ళకి నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం తెస్తుంది. గుండె కొట్టుకునే తీరులో తేడా ఉన్నవాళ్ళకి, ఒక రకం గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ళకి పనికిరాదు. తెల్లవారుజామున మంచం మీద నుంచి లేచి బాత్రూమ్‌కి నడిచేటప్పుడు పడ్డారన్నారు చూడండి, రాత్రి వేసిన 150 ప్రెగాబలిన్, దాని మీద ఈ నార్‌ట్రిప్టిలిన్, పైన బీపీ మాత్ర, మూడూ కలిసిన వేళ అది. మంచం పక్కన ఓ నిమిషం కూర్చుని లేవమనండి. గదిలో చిన్న లైటు వెలుగుతూ ఉంచండి. కొన్నాళ్ళు ఎవరో ఒకరు ఆవిడ గదిలోనే పడుకోండి.

ట్రామడాల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అది నల్లమందు కుటుంబానికి చెందినది. దానికదే మత్తు, ఊపిరిని నెమ్మది చేసే గుణం ఉన్నాయి. ప్రెగాబలిన్, దాని జాతిదే అయిన గబాపెంటిన్ లాంటివాటిని ఇలాంటి మందులతో కలిపినప్పుడు ఊపిరి ప్రమాదకరంగా నెమ్మదిస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. పెద్దవాళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువని అందులో ప్రత్యేకంగా చెప్పారు. కవిటి వైపు పాతకాలం ఆడవాళ్ళలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉండేది. మీ అత్తగారికి ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, దగ్గు, పిల్లికూతలు ఉంటే, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. చుట్ట తాగుతానని కోడలి ముందు డాక్టరుకి చెప్పుకోవడం ఆవిడకి ఇబ్బందే, కాబట్టి ముందే మీరు చెప్పెయ్యడం మేలు.

ట్రామడాల్ ఒక్కటే కాదు. కోడీన్ కలిసిన దగ్గు సిరప్పు, ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు, జలుబుకి వేసుకునే సెటిరిజిన్, ముక్కు కారకుండా ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ఇవన్నీ మత్తుకి మత్తు కలిపేవే. జలుబు మాత్రని మన జనం మందు కిందే లెక్కెయ్యరు. ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని డాక్టరడిగితే ‘షుగరువి, బీపీవి’ అని ఊరుకుంటారు. వానాకాలంలో మీ అత్తగారికి జలుబు చేస్తే షాపులో ‘నరాల మాత్ర ప్రెగాబలిన్ వాడుతున్నారు, మత్తు రానిది ఇవ్వండి’ అని అడగండి. బరంపురం డాక్టరుగారు ముందు ముందు డ్యూలోక్సిటిన్ అనే ఇంకో నరాల నొప్పి మందుకి మారుస్తానంటే, కిడ్నీ లెక్క 30 లోపు ఉందన్నది గుర్తు చెయ్యండి, ఆ స్థాయిలో దాన్ని సాధారణంగా వాడరు. డ్యూలోక్సిటిన్, ట్రామడాల్ కలిపి వాడటం కూడా మంచిది కాదు.

మీవారి మాటకొద్దాం. ఆయన కోపం అర్థమైంది, కానీ ‘రేపట్నుంచి మొత్తం బంద్’ అనకూడదు. ప్రెగాబలిన్ మొదట మూర్ఛల మందు జాతిలోది. నరాల కొసల్లో కాల్షియం లోపలికి వెళ్ళే దారులుంటాయి. వాటిని పట్టుకుని, నొప్పి కబురు అదేపనిగా మెదడుకి వెళ్ళకుండా తగ్గిస్తుంది. నెలల తరబడి దానికి అలవాటైన నరాలకి ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టదు, చెమటలు, వికారం, విరేచనాలు, తలనొప్పి, ఊరికే టెన్షన్ వస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్ళకైతే ఫిట్స్ రావచ్చు. కనీసం వారం రోజుల పాటు మెట్టు మెట్టుగా తగ్గించాలన్నది నియమం, ఎక్కువ కాలం వాడినవాళ్ళకి డాక్టర్లు ఇంకా నెమ్మదిగా దింపుతారు. ఇక్కడ మొదటి మెట్టు తేలికే. రెండుసార్లు పడుతున్న మందు ఒకసారికి రావాలి. టెక్కలి కలిపిన మాత్ర ఆపాలా, బరంపురం మాత్రల్లో ఒకటి తగ్గించాలా, 75కి బదులు 50, 25 లాంటి చిన్న మోతాదుకి మారాలా అన్నది డాక్టరు చెప్పాలి. 25, 50 మి.గ్రా. మాత్రలు కూడా దొరుకుతాయని గుర్తుంచుకుంటే చాలు. క్యాప్సూలు విప్పి పొడి సగం చెయ్యడం, ఎక్కువసేపు పనిచేసే మాత్రని విరవడం లాంటి ఇంటి తూకాలు వద్దు.

‘మత్తుమందు’ అన్న మాట పూర్తిగా గాలి మాట కాదని కూడా ఒప్పుకోవాలి. దీన్ని తూగు కోసం వాడేవాళ్ళు పెరగడంతో బ్రిటన్ 2019 ఏప్రిల్‌లో ప్రెగాబలిన్, గబాపెంటిన్ రెండింటినీ అదుపు మందుల జాబితాలో పెట్టింది. మన దగ్గరా చీటీ లేకుండా అమ్మకూడని మందే. పాత చీటీ చూపిస్తే అడిగినన్ని స్ట్రిప్పులిచ్చే షాపులు సరిహద్దుకి అటూ ఇటూ ఉన్నాయి, అది వేరే కథ. అంతమాత్రాన డాక్టరు చెప్పిన మోతాదులో కాళ్ళ మంటకి వాడుతున్న ముసలావిడ మత్తుకి అలవాటు పడినట్టు కాదు. మంట తగ్గి రెండేళ్ళ తరవాత నిద్రపోయిన మనిషిని మళ్ళీ ఆ మంటలోకి నెట్టొద్దు.

మావయ్యగారి సంగతి. ఫర్వాలేదా అన్నారు, అస్సలు ఫర్వాలేదనను. మోకాలి అరుగుదల నొప్పి నరం మంట కాదు, దానికి ఈ మాత్ర పనిచెయ్యదు. నడుం నుంచి కాలికి లాగే సయాటికాకే ప్రెగాబలిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని 2017లో అచ్చయిన పరీక్షలో తేలింది. ఇక మోకాళ్ళకా! లాభం లేదు సరే, సాయంత్రం పుచ్చుకున్నదానితో కలిస్తే నష్టం గట్టిదే. కల్లయినా, ఇప్పసారా అయినా, సీసా సరుకైనా తేడా లేదు. రెండూ మెదడుని మందగింపజేసేవే, కలిస్తే ఊపిరి కూడా మందగిస్తుంది. నిద్రలో వాంతి అయినా మెలకువ రాని స్థితి వస్తుంది. ఆయన బండి మీద పాతపట్నం వెళ్ళొస్తుంటే మరీ ప్రమాదం. తాగడం మానమని చెప్తే మీ మాట వినకపోవచ్చు. మామగారికి కోడలు చెప్పే మాట కాదది. మాత్రలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. ఆవిడ మాత్రలు మీ బీరువాలో పెట్టి, ఏ పూటకాపూట మీరే తీసివ్వండి. ఆవిడ పొద్దున్న వేసుకున్నదీ లేనిదీ మర్చిపోయి మళ్ళీ వేసుకునే ప్రమాదం కూడా దాంతోనే తప్పుతుంది. ఆయన మోకాళ్ళకి ముందు పారాసిటమాల్ చాలేమో డాక్టరుని అడగండి. తాగే మనిషికి దానికీ ఒక హద్దుంటుంది, అది డాక్టరే చెప్పాలి.

చిన్న చిన్న సందేహాలు కూడా వస్తాయి. ప్రెగాబలిన్ అన్నం ముందైనా తరవాతైనా వేసుకోవచ్చు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తరవాతి పూట దగ్గరపడితే వదిలెయ్యాలి. రెండూ కలిపి వెయ్యకూడదు. గ్యాస్ మందుతో దీనికి పేచీ లేదు. గబాపెంటిన్‌కి మారిస్తే మాత్రం, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్పు తాగాక రెండు గంటలాగి వేసుకోవాలి. లేకపోతే మందు పూర్తిగా ఒంటికి పట్టదు. గబాపెంటిన్ కూడా కిడ్నీల మీదుగానే పోయే మందు, మోతాదు లెక్క దానికీ తప్పదు. దిగులు, ఏడుపు, బతకాలని లేదన్న మాటలు కొత్తగా మొదలైతే అది వయసు ప్రభావమని తోసెయ్యకుండా డాక్టరుకి చెప్పండి. ఈ జాతి మందులతో కొద్దిమందిలో అలా జరుగుతుంది.

బరంపురం వెళ్ళినప్పుడు రక్తంలో బి12 కూడా చూడమని అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గుతుంది. తగ్గితే అదే కాళ్ళ తిమ్మిర్లు, మంటలు తెస్తుంది. అప్పుడు షుగరు నరాల జబ్బు ఏ పాలు, విటమిను లోటు ఏ పాలు అన్నది తేల్చుకోవచ్చు. మిథైల్‌కోబాలమిన్ మాత్ర ఎలాగూ వేస్తున్నారు కాబట్టి అంకె కొంచెం మెరుగ్గా కనబడొచ్చు, ఆ సంగతీ చెప్పండి. మూడు నెలల సగటు షుగరు కాగితం మీరు పంపలేదు, అదీ కావాలి. షుగరు అదుపులో లేకుండా నరాల మాత్ర పెంచుకుంటూ పోతే ఎక్కడా ఆగదు, ఎందుకంటే ఈ మందు మంటని అణుస్తుందే గానీ నరాన్ని బాగు చెయ్యదు.

మంట తగ్గినా స్పర్శ తిరిగి రాదు, దీన్ని చాలా ఇళ్ళలో పట్టించుకోరు. మాత్ర తగ్గిస్తే మంటలు కాస్త పెరగొచ్చు, అప్పుడు ఎవరో ఒకరు వేడినీళ్ళ కాపడం పెట్టమంటారు, ఉప్పు వేయించి మూట కట్టి పెట్టమంటారు. పెట్టకండి. ఆవిడకి వేడి తెలియదు, బొబ్బ తేలాక గానీ మీకూ తెలియదు. కాళ్ళు కడిగే నీళ్ళు కూడా మీ మోచేత్తో చూసి పొయ్యండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనండి, మడమ వెనక పట్టీ ఉన్నవైతే జారవు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే వెలుతురులో చూడండి. ఎక్కడైనా పొక్కు, పుండు, నల్లబడిన మచ్చ కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆ రోజే చూపించండి.